మణెమ్మ పాఠం

తాడేపల్లిగూడెం,
4 ఆగస్టు 1937.

చెల్లి దేవకుమారికి,

ప్రసూనాంబ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, నీ బడీ కులాసా అని తలుస్తాను. నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. ఏలూరు ట్రైనింగు స్కూల్లో రెండేళ్లు ఒకే బల్ల మీద కూచున్నవాళ్లం. ఇప్పుడు పాతిక మైళ్ల దూరంలో ఉండి కూడా మొహాలు చూసుకుని నాలుగేళ్లయింది. తప్పు నాదే. పెళ్లయి ఉద్యోగం మానేశాక నాకు రోజులు ఎలా గడుస్తున్నాయో నాకే తెలియటం లేదు.

పని పడితే రాసిందనుకుంటావు. అనుకో, నిజమే.

కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది గదా. బళ్లలో పాత వాచకాలు తీసేసి మన పిల్లలకి మన సంగతులు చెప్పే పుస్తకాలు పెట్టించాలని ఏలూరులో కొందరు పెద్దలు కమిటీగా కూడారు. ఇన్నాళ్లూ మనం చదివిందేమిటి, చెప్పిందేమిటి? ఏ గవర్నరు జనరలు వెనక ఏ గవర్నరు జనరలు వచ్చాడు, చక్రవర్తిగారి పట్టాభిషేకం ఏ తారీఖున. నెల్లూరి పిల్లాడికీ మన భీమడోలు పిల్లాడికీ అవే పాఠాలు. ఐదో తరగతి వాచకం రాసే పని మావారికి అప్పజెప్పారు. వారపత్రిక నడుపుతున్నారు, సొంత ప్రెస్సు ఉంది కనక. ఆయనకి తీరికేదీ? నేను రాస్తున్నాను. పేరు ఆయనదే ఉంటుందనుకో.

పన్నెండో పాఠం మన జిల్లాలో స్వరాజ్య పోరాటం. అందులో మీ తూడులంక అబ్బాయిరాజుగారి సంగతి ఉండి తీరాలని కమిటీ కోరిక. ఆయన కూడా కమిటీలో ఒకరు. 1932 సెప్టెంబరులో మా పత్రికలో వేసిన వ్యాసం నా ముందుంది. లాఠీ దెబ్బలకి చెయ్యి విరిగినా జెండాని నేల వాలనివ్వని వీరుడు అని రాశారు. పిల్లలకి చెప్పటానికి అది చాలదు. ఏ పూట జరిగింది, ఎంతమంది వచ్చారు, ఆయన ఏమన్నారు, ఇవన్నీ కావాలి. నువ్వు అప్పటికే ఆ ఊళ్లో పనిచేస్తున్నావు. చూసింది చూసినట్టు రాసి పంపు.

నీ
ప్రసూనక్క


తూడులంక,
21 ఆగస్టు 1937.

ప్రసూనాంబక్కయ్యగారికి దేవకుమారి నమస్కారాలు.

మీ ఉత్తరం పన్నెండు రోజులకి చేరింది. కొల్లేరు పొంగి ఉంది. టపా మోసే దోనె వారానికి రెండుసార్లు రావలసింది ఒక్కసారే వస్తోంది. నీళ్లు బడి మెట్లదాకా వచ్చాయి. హాజరు పుస్తకంలో నలభై రెండు పేర్లున్నాయి, వస్తున్నది పందొమ్మిది మంది. ప్రభువు దయవల్ల జ్వరాలు మాత్రం లేవు.

మీరు అడిగినవి రాస్తున్నాను. అది 1932 ఫిబ్రవరి 17, బుధవారం. పొద్దున్న పది దాటింది. ఊరికి ఉత్తరాన గట్టు మీద జెండా పాతారు. నలభై యాభై మంది చేరారు. పోలీసులు ఎనిమిది మంది రెండు పడవల్లో వచ్చారు. అబ్బాయిరాజుగారి కుడి మణికట్టు విరిగిన మాట నిజం. ఇప్పటికీ ఆ చేత్తో అన్నం సరిగా కలుపుకోలేరని చెబుతారు. ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. నేను బడి వరండాలో ఉన్నాను. బడికీ గట్టుకీ మధ్య నూరు గజాలు ఉంటుంది.

ఇంతకుమించి నేను చెప్పగలిగింది లేదండి.

జెండా నేల వాలనివ్వలేదని మాత్రం పాఠంలో రాయకండి. జెండా పడింది. ఆ రోజు పడ్డది జెండా ఒక్కటే కాదు.

బావగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
దేవకుమారి


తాడేపల్లిగూడెం,
2 సెప్టెంబరు 1937.

దేవీ,

ఆ చివరి మాట రాసి ఊరుకుంటే ఎలాగే? రెండు రోజులు అదే ఆలోచన. మా పాత ఫైళ్లన్నీ దింపించి వెతికాను. సర్కారువారి ప్రకటన ఒకటి దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తూడులంకలో చట్టవిరుద్ధముగా గుమిగూడిన జనమును చెదరగొట్టడమైనది. ప్రమాదకరమైన గాయము లెవరికిని తగలలేదు. ఒక కూలి స్త్రీ గట్టుపై బురదలో కాలు జారి పడి, తదుపరి జ్వరముచే మరణించినది. దీనికిని పోలీసు చర్యకును సంబంధము లేదని విచారణలో తేలినది."

మా పత్రికలో ఆ కూలి స్త్రీ ఊసే లేదు. మావారిని అడిగాను. "నేనెక్కడ వెళ్లాను తూడులంక? రాజుగారు జైలు నుంచి వచ్చాక ఆయన మనుషులు రాసి తెచ్చింది వేశాను. అంతకుముందు ఆర్నెల్లూ పత్రికలు మూయించే ఆర్డినెన్సుల భయంతో పంటలూ పెళ్లిళ్లూ తప్ప మనం వేసిందేముంది?" అన్నారు. ఇన్నేళ్లూ ఆ వ్యాసం ఆయన స్వయంగా చూసి రాశారనే నేను అనుకుంటున్నాను.

ఎవరావిడ? నిజంగా కాలు జారిందా? చెప్పు.

ప్రసూనక్క


తూడులంక,
17 సెప్టెంబరు 1937.

అక్కయ్యగారికి నమస్కారాలు.

ఆవిడ పేరు మణెమ్మ. మా పేటలోనే ఉండేది. మా చర్చిలో నా వెనక వరసలో కూచునేది. భర్త విశ్వాసం దోనె నడుపుతాడు. పిల్లలు లేరు. పన్నెండు బాతులుండేవి. పొద్దున్నే చేలల్లో గడ్డి కోసి రాజులపేటలో గేదెలున్న ఇళ్లకి వేసేది. నల్లగా సన్నగా ఉండేది, గొంతు కూడా చిన్నది. ఎవరితోనైనా మాట్లాడాలంటే దగ్గిరికెళ్లి నిలబడేది.

ఆ రోజు ఆవిడ జెండా కోసం రాలేదండి. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీదుగా రాజులపేటకి పోతోంది. అప్పటికే పోలీసులు దిగారు. దిగగానే జనం గట్టుకి రెండువైపులా పరుగెత్తారు. అబ్బాయిరాజుగారు ఒక్కరే కదలకుండా జెండా పట్టుకుని నిలబడ్డారు. అది నేను కళ్లారా చూశాను. ఆయన ధైర్యాన్ని తక్కువ చెయ్యకండి. చేతి మీద దెబ్బ పడింది. జెండా వదిలేసి మొహం కిందికి పడ్డారు. పడ్డాక కూడా ముగ్గురు చుట్టూ చేరి కొడుతున్నారు.

మణెమ్మ వాళ్ల పక్కనుంచి వెళ్లిపోవచ్చు. దారుంది. ఆగింది. నెత్తి మీది మోపు తీసి ఆయన వీపు మీద పడేసింది. దాని మీదికి తను వంగింది. వంగి ఏదో అంది. ఆ మాట నాకు తరవాత దగ్గిరున్నవాళ్లు చెప్పారు. "పడిపోయినోణ్ణి కొడతారేంటయ్యా? పోండి" అందట.

లాఠీ ఆవిడ చెవి వెనక తగిలింది. ఆవిడని కొట్టాలని కొట్టాడో, ఆయనకి వేసింది ఆవిడకి తగిలిందో నేను చెప్పలేను.

విశ్వాసం వచ్చి ఎత్తుకుని తీసుకెళ్లాడు. మూడో రోజు శుక్రవారం మధ్యాహ్నం పోయింది. మధ్యలో ఒకసారి తెలివొచ్చి బాతుల్ని మూశావా అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

జ్వరం లేదు. కాలు జారలేదు.

దేవకుమారి


తాడేపల్లిగూడెం,
30 సెప్టెంబరు 1937.

దేవీ, నా బంగారు చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చి కూచుని పన్నెండో పాఠం మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. ఒక కూలి ఇల్లాలు దేశం కోసం ప్రాణమిచ్చిందంటే, అదీ మన జిల్లాలో, అది మన పిల్లలకి తెలియకపోవటమా? సర్కారు బురదలో తోసేసింది, మేం మర్చిపోయాం. ఇప్పుడైనా ఆవిడ బాకీ తీర్చుకుందాం. ముఖ్యమైన చోటు నీకు పంపుతున్నాను, ఎలా ఉందో చెప్పు:

"వీరనారి మణెమ్మ పడిపోయిన జెండాను అందుకొని గుండెలకు హత్తుకొన్నది. 'నా ప్రాణము పోయినను మా జెండా దించను' అని సింహమువలె గర్జించినది. మూడు దినములు మృత్యువుతో పోరాడి, చివరి ఊపిరిలో భారతమాతను తలచుచు కన్నుమూసినది."

మావారికి చూపించాను. మొదట ససేమిరా అన్నారు. తరవాత భాష బాగుందన్నారు. అక్టోబరు ఆఖరున కమిటీ కూడుతుంది. ఆయనతో నేనూ ఏలూరు వెళతాను.

ప్రసూనక్క


తూడులంక,
14 అక్టోబరు 1937.

అక్కయ్యగారికి,

మీరు పంపింది నాలుగుసార్లు చదివాను. అందులో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదండి.

మణెమ్మ జెండా ముట్టుకోలేదు. గర్జించలేదు. భారతమాత అంటే ఎవరో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఈ ఊళ్లో ఆడవాళ్లకి చెప్పవలసింది నేనే, నేనూ చెప్పలేదు. ఆవిడ తలుచుకున్నది బాతుల్ని. దానికి నేను సిగ్గుపడటం లేదు, మీరెందుకు దాన్ని తీసేశారో నాకు అర్థం కాలేదు.

సర్కారువారు రాసినప్పుడు ఆవిడ కాలు జారింది. మీ పత్రిక రాసినప్పుడు ఆవిడ అసలు అక్కడ లేదు. మీరు రాసినప్పుడు సింహమైంది. మూడింటిలోనూ ఆ మనిషి లేదండి. దెబ్బలు తింటున్నవాడు రాజుగారా, పేటవాడా, పోలీసువాడా అని ఆవిడ చూడలేదు. పడిపోయాడు, కొడుతున్నారు, అంతే చూసింది. పిల్లలకి అది చెబితే చాలదా? పుస్తకం చేతిలో పట్టుకుని చెప్పవలసినదాన్ని నేను. రేపు విశ్వాసం బడి గుమ్మంలో నిలబడి వింటే ఏం మొహం పెట్టుకుని చదవను?

జరిగింది జరిగినట్టు రాయండి. కుదరకపోతే ఆవిడ పేరు వదిలేయండి.

ఇంకో మాట. పెద్దవారు, తప్పనుకోకండి. పుస్తకం మీద మీ పేరుండదని ఒక్క ముక్క రాసి దాటిపోయారు. మనిషి పేరు ఎక్కడ ఎలా పడుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దేవకుమారి


ఏలూరు,
1 నవంబరు 1937.

శ్రీమతి దేవకుమారిగారికి,

మీ అక్టోబరు 14 ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే పాఠం మార్చి రాశాను. గర్జనా సింహం తీసేశాను. గడ్డి మోపు, బాతులు, ఆవిడ అన్న మాట, అన్నీ మీరు చెప్పినట్టే పెట్టాను. నిన్న కమిటీలో మావారు దాన్ని చదివారు. అబ్బాయిరాజుగారు నిన్న రాలేదు.

కమిటీ కార్యదర్శి కృపానందంగారని, ప్లీడరు. ఆయన ఏదైనా రికార్డు చూడనిదే నమ్మే మనిషి కాదు. అప్పటి విచారణ నకలు సంపాదించి తెచ్చారు. అందులో ఇద్దరు సాక్షులు. ఒకరు గ్రామ మునసబు. రెండోవారి వాంగ్మూలం ఇలా ఉంది: "నేను బడి వరండా నుంచి చూచితిని. ఆ స్త్రీ బురదలో కాలు జారి పడినది. ఆమెను ఎవరును కొట్టలేదు." కింద సంతకం.

"ఈవిడే కదండీ మీకు ఉత్తరాలు రాసింది? ఏది నమ్మమంటారు, అప్పటి సంతకాన్నా, ఇప్పటి ఉత్తరాన్నా?" అని అడిగారాయన. ఆ అక్షరాలు నాకు తెలుసు. రెండేళ్లు పక్కన కూచుని చూశాను.

మా పత్రికని అన్నారు. నన్ను అన్నారు. పడవలసినదాన్నే, పడ్డాను. మీ సంగతి మాత్రం ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

డిసెంబరు 5న కమిటీ మళ్లీ కూడుతుంది. అప్పటికి మీరేమైనా చెప్పదలిస్తే తెలియజేయండి.

జ్ఞానప్రసూనాంబ


తూడులంక,
12 నవంబరు 1937.

అక్కయ్యగారికి,

నన్ను మీరని రాశారు. అది నాకు తగినదే.

ఆ సంతకం నాదే. చెబుతాను.

మణెమ్మని భూస్థాపన చేసిన పదో రోజున విచారణ ఆఫీసరు మా బళ్లోనే కుర్చీ వేయించుకుని కూచున్నారు. ముందురోజు మా మిషను మేనేజరు దొరగారు నన్ను పిలిపించారు. కేకలెయ్యలేదు. "స్కూలు వరండాలో నువ్వు నిలబడి ఉన్నావు. జెండా చూడటానికి పిల్లల్ని బయటికి వదిలావని ఎవరైనా రాస్తే స్కూలు గుర్తింపు పోతుంది. ఆలోచించుకో" అన్నారు. అంతే అన్నారు.

ఆఫీసరుగారు ఇంగ్లీషులో రాసుకున్నారు. గుమాస్తా తెలుగులో చదివాడు. కాలు జారి అన్న చోట, "అది కాదండి" అన్నాను. ఆఫీసరుగారు తలెత్తి చూశారు. "బడికీ గట్టుకీ ఎంత దూరం?" అన్నారు. నూరు గజాలన్నాను. "నూరు గజాల దూరం నుంచి లాఠీ ఎక్కడ తగిలిందో నీకు తెలుసా? ప్రమాణం చేస్తావా?" అన్నారు. గుమాస్తా కలం నా చేతికిచ్చాడు, సంతకం పెట్టాను.

బడి కోసమే పెట్టానని ఐదేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. బడి సంగతి నిజమే. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అదీ నిజమే. మా అమ్మా నేనూ దాని మీదే బతుకుతున్నాం.

విశ్వాసం అప్పుడు వరండాలో కూచుని ఉన్నాడు. గుమాస్తా బయటికి వెళ్లి, "మీ పంతులమ్మగారే చెప్పారు, నీ భార్య కాలు జారి పడిందని. ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు. విశ్వాసం తలుపులోంచి నా వైపు చూశాడు. వేశాడు. ఆనాటి నుంచీ నన్ను ఆ మాట అడగలేదు. ఎదురైతే నమస్కారం పెడతాడు. నేను ఏ ఊరు వెళ్లాలన్నా వేరే వాళ్ల దోనె మాట్లాడుకుంటాను.

మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఏమీ రాయకూడదనే కూచున్నాను. చివరికి ఒక్క వాక్యం రాయకుండా ఉండలేకపోయాను. అది మీరు పట్టుకున్నారు. ఆవిడ సంగతి చెప్పేశాక, నా సంగతి ఇక ఎవరికీ అక్కర్లేదని ఆశపడ్డాను.

డిసెంబరు 5న నేను వస్తాను. దొరగారిని సెలవడిగాను, కారణం కూడా చెప్పాను. సెలవిచ్చారు. భీమడోలులో పొద్దుటి బండి ఎక్కితే పది గంటలకల్లా ఏలూరులో ఉంటాను. సాయంత్రం బండికి తిరిగి రావాలి, లేకపోతే దోనె దొరకదు.

దేవకుమారి


తాడేపల్లిగూడెం,
9 డిసెంబరు 1937.

చెల్లీ,

నీకు బండి వేళయి మధ్యలోనే వెళ్లిపోయావు. నువ్వెళ్లాక ఏమయిందో నువ్వు తెలుసుకోవాలి.

ముందు ఈ మాట చెప్పనీ. తొమ్మిది మంది మగవాళ్ల ముందు నిలబడి, "అప్పుడు అబద్ధం మీద సంతకం పెట్టింది నేనే, ఇప్పుడు చెబుతున్నదీ నేనే" అన్నావు చూడు, అది నేను మరిచిపోను. కృపానందంగారు కూడా ఆ మాట రాసుకున్నాకే తరవాత ప్రశ్న అడిగారు. నేను నీకు మీరని ఉత్తరం రాసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. క్షమించమని అడగను. అక్కని గనక నువ్వే సర్దుకో.

నువ్వు బయటికెళ్లాక అందరూ అబ్బాయిరాజుగారి వైపు చూశారు. ఆయన ఇలా అన్నారు. నాకు గుర్తున్నంతవరకు ఆయన మాటలే రాస్తున్నాను.

"నా మొహం బురదలో ఉందండి. మీద ఏదో బరువుగా పడింది. పచ్చగడ్డి వాసనొచ్చింది. ఎవరో ఆడమనిషి గొంతు వినపడింది. ఆ పైన నాకు తెలివి లేదు. ఆవిడ పోయిందని జైల్లో ఉండగా తెలిసింది. బయటికి రాగానే స్టేషన్లో దండలు వేశారు. తరవాతి వారం పత్రిక చూపించారు. అప్పుడు నేను ఒక్క మాట అనవలసింది. అనలేదు. మర్నాడు ఇంకో ఊళ్లో సభ. సభ సభకీ ఆ మాట అనటం మరీ కష్టమైపోయింది. ఆ పంతులమ్మ చెప్పింది నిజం. నా పేరు తీసేసి ఆవిడ పేరు పెట్టండి."

నేను వెనకబల్ల మీద కూచుని ఉన్నాను. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. కాలేదు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "రాజుగారు పెద్ద మనసుతో చెప్పారు. సంతోషం. కాని ఒకటి ఆలోచించండి. అప్పుడు పోలీసులు వాళ్ల పోలీసులు. ఇవాళ ప్రభుత్వం మనది, పోలీసులూ మన మంత్రుల కిందే ఉన్నారు. పోలీసువాడు ఆడమనిషిని కొట్టి చంపాడని ఐదో తరగతి పిల్లాడికి మనమే నేర్పితే రేపు వాడు ఎవర్ని లెక్కచేస్తాడు? పైగా విచారణ రికార్డు ఒకలా ఉంది, సాక్షి మాట ఒకలా ఉంది. వివాదంలో ఉన్న సంగతి పిల్లలకెందుకు?" అన్నారు. నలుగురు అవునన్నారు. రాజుగారు మళ్లీ ఏదో అనబోయారు, తరవాతి విషయానికి వెళ్లిపోయారు.

రాజుగారి సంగతీ, మణెమ్మ సంగతీ, మొత్తం పన్నెండో పాఠమే తీసేశారు. ఆ ఖాళీలో కొల్లేటికి వచ్చే పక్షుల మీద పాఠం రాయమన్నారు. శీతాకాలంలో ఏయే దేశాల నుంచి వస్తాయో, ఏం తింటాయో. జనవరికల్లా ఇవ్వాలి. రాస్తాను. పక్షుల తప్పేముంది.

ఇంటికొచ్చాక మావారితో అన్నాను, "పుస్తకం వాళ్లది, పత్రిక మనది. మనం వేసిన అబద్ధాన్ని మనమే దిద్దుకోవచ్చు గదా" అని. "ఐదేళ్ల తరవాత సవరణా? జనం నవ్వుతారు. ఈ పత్రిక మాట ఇంకెవడు నమ్ముతాడు?" అన్నారు. "ఇప్పుడు నమ్ముతున్నవాళ్లు దేన్ని నమ్ముతున్నారండీ?" అన్నాను. ఆయన లేచి ప్రెస్సులోకి వెళ్లిపోయారు. నాలుగు రోజులుగా అన్నం దగ్గిర తప్ప ఎదురుపడటం లేదు.

నీ ఉద్యోగం సంగతేమైంది? వెంటనే రాయి.

ప్రసూనక్క


తాడేపల్లిగూడెం,
3 ఫిబ్రవరి 1938.

చెల్లీ,

ఈ వారం పత్రిక రెండు ప్రతులు వేరే కట్టలో పంపుతున్నాను. మూడో పేజీ చూడు. ఏడు పంక్తులే. రెండు నెలలు పట్టింది. చివరికి మావారు, "నా పేరుతో వెయ్యను. అంత పట్టుదలగా ఉంటే నీ పేరు పెట్టుకుని వేసుకో" అన్నారు. అలా అంటే నేను తగ్గుతాననుకున్నారు. కాగితం తీసుకెళ్లి వీరాస్వామి కంపోజిటరుకి ఇచ్చాను. ఆయన నిలువుగుడ్లేసుకుని చూసి, "అమ్మగారూ, మీ పేరు పూర్తిగా పెట్టమంటారాండీ?" అన్నాడు. పూర్తిగానే పెట్టమన్నాను.

ప్రూఫు మావారే దిద్దారు. ఒక అచ్చుతప్పు ఉంటే సరిచేశారు. ఇంకేమీ ముట్టుకోలేదు.

ప్రసూన


తూడులంక,
19 ఫిబ్రవరి 1938.

అక్కయ్యగారికి నమస్కారాలు.

నా సంగతి ముందు. నన్ను కామవరపుకోట బడికి మార్చారు. దొరగారు పిలిచి, మెట్టప్రాంతంలో అనుభవమున్నవాళ్లు కావాలన్నారు. కోపం చూపించలేదు. ఉద్యోగం తీసెయ్యనందుకు నేను సంతోషించాలని ఆయన అనుకుంటున్నారు. సంతోషంగానే ఉంది. నీళ్లు లేని ఊళ్లో ఎలా ఉంటుందో చూడాలి. సోమవారం బయలుదేరతాం. అమ్మ ఇప్పటినుంచే ఎండుచేపలు మూట కడుతోంది.

మీ పత్రిక మంగళవారం వచ్చింది. అది పట్టుకుని విశ్వాసం ఇంటికి వెళ్లాను. ఆరేళ్లలో ఆ ఇంటి గుమ్మం తొక్కటం అదే మొదలు. చేపల బుట్ట అల్లుకుంటున్నాడు. "పేపర్లో మణెమ్మ సంగతి వేశారు, చదివి వినిపించనా?" అన్నాను. చేతిలో పని ఆపకుండానే, "చదవండి" అన్నాడు.

చదివాను. మీరు రాసిందే అయినా మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే దాన్ని పైకి చదివినప్పుడు ఎలా వినపడిందో నాకు గుర్తుండాలి:

"సవరణ. తూడులంకలో 1932 ఫిబ్రవరి 17న జరిగిన దాన్ని గురించి ఈ పత్రికలో లోగడ వేసిన వ్యాసం చూసినవారు రాసింది కాదు. ఆనాడు జెండా కింద పడింది. పడిపోయిన శ్రీ అబ్బాయిరాజుగారిని ఇంకా కొడుతూ ఉంటే మణెమ్మ అనే కూలి మనిషి అడ్డు వెళ్లింది. ఆమెకు లాఠీ దెబ్బ తగిలి మూడో రోజున చనిపోయింది. ఆమె కాలు జారి పడలేదు. జ్ఞానప్రసూనాంబ."

ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. అప్పటికి పేటలో వాళ్లు పదిమంది చేరారు. మూడోసారి అందరికీ వినపడేలా చదివాను. ఒకాయన ఒక దెబ్బ కాదు, రెండన్నాడు. పత్రికలో లేని గడ్డి మోపు సంగతీ, ఆవిడ అన్న మాటా కూడా నేను చెప్పాను. అహరోను, అప్పుడు గట్టు కింద నీళ్లలో దాక్కున్నవాడు, ఆవిడ మోపు పడెయ్యలేదు, నెమ్మదిగా దించింది, ఆ రాజుగారికి గుచ్చుకోకుండా దించిందన్నాడు. ఇంకొకావిడ, పోండి అనలేదు, పొండి నాయనా అందని చెప్పింది. నువ్వెక్కడున్నావ్, నువ్వెక్కడున్నావ్ అని ఒకళ్లనొకళ్లు అడుక్కున్నారు. ఆ విచారణ అయ్యాక ఈ పేటలో ఎవరూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. కాగితం మీద కాలు జారిందని ఉంది గనక మనం చూసింది చెప్పకూడదేమో అనుకున్నామన్నాడు అహరోను.

అందరూ వెళ్లాక విశ్వాసం పత్రిక ఇమ్మన్నాడు. మణెమ్మ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. కాసేపు చూశాడు. తరవాత అడిగాడు.

"మరి ఆఫీసులో ఉన్న ఆ కాగితం ఏమవుద్దండీ?"

"అదీ ఉంటుంది."

"మీ సంతకం, నా వేలిముద్ర?"

"ఉంటాయి."

"ఇదీ ఉంటాది, అదీ ఉంటాదన్నమాట." బుట్ట పక్కన పెట్టాడు. "మనమెవరం లేనప్పుడు ఎవరన్నా వచ్చి చూస్తే, ముందు ఏది చదువుతారండీ?"

నాకు తెలీదన్నాను.

"ఈసారి ఉన్నమాట చెప్పారండి" అన్నాడు. కోపంగా అనలేదు. పత్రిక మడిచి చూరులో పెట్టుకున్నాడు. లేచి, బయటికొచ్చి, "సామాను బాగా ఉందాండీ? సోమవారం తెల్లారేసరికి రేవుకి తెచ్చెయ్యండి. నా దోనెలో దింపుతాను" అన్నాడు.

అలాగేనన్నాను.

మీ
దేవకుమారి